ముందు మనమే కూర్చోవాలి

మా కొట్లో ఒక కట్టుబాటు ఉంది. సోఫా కావచ్చు, బస్సు సీటు కావచ్చు, డాక్టరు గారి దగ్గర జనం కూర్చునే బెంచీ కావచ్చు, కుట్టడం అవగానే బయటికి పంపం. ముందు మనమే కూర్చోవాలి. కూర్చుని, అటూ ఇటూ కదిలి, వెనక్కి వాలి, బాగుందనిపించాకే పని ఇచ్చినవాళ్ళకి కబురు పెట్టాలి. ఆ కట్టుబాటు మా ఆయన పెట్టింది. ఆయన పోయాక నేను చూసీ చూడనట్టు వదిలేసేదాన్ని గానీ, నా కూతురు మాత్రం వదల్లేదు. పిల్లి పడుకునే మెత్త కుట్టినా సరే, తను ఓసారి కూర్చుని చూడందే గుమ్మం దాటనివ్వదు. ఆ వానాకాలం మా ఇంట్లో తేలని తగువు ఒకటి నడిచింది. దాన్ని చివరికి తేల్చింది ఆ కట్టుబాటే.

తగువు నా మనవరాలి గురించి. పదమూడేళ్ళ పిల్ల. నడక రాకముందే ఎగరడం నేర్చింది కాబట్టి నేను దాన్ని మిడత అని పిలుస్తాను. ఇంట్లో ఆగలేకపోతోందని వాళ్ళ నాన్న జిమ్నాస్టిక్స్‌లో చేర్పించాడు. అక్కడ అది నిజంగానే మిడత అయింది. ఎండాకాలం మధ్యలో ఎత్తు బార్‌కి వేలాడి ఊగుతూ పట్టు తప్పి వెనక్కి పడింది. పడుతూ ఎడమ చెయ్యి వెనక్కి ఆనించింది. ఒంటి బరువంతా ఆ చేతి మీద పడేసరికి మోచెయ్యి కీలు తప్పింది, ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రేకూ మేకులూ పెట్టారు. వానలు మొదలయ్యేనాటికి కట్టు విప్పారు. పిల్ల మళ్ళీ ఆడాలా, మానాలా? ఇక మా ఇంట్లో ఇదే మాట.

కట్టు విప్పాక చూపించడానికి డాక్టరు దగ్గరికి నా కూతురితోపాటు నేనూ వెళ్ళాను. పిలవలేదు, నేనే వెళ్ళాను. ఆయన మిడత చేతిని కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని వంచాడు, చాపాడు. చెయ్యి కొంతదాకా వచ్చి ఆగిపోయింది.

"ఎముక బాగా అతుక్కుంది. చెయ్యి మాత్రం పూర్తిగా తిన్నగా రాదు, ఈ కాస్త వంపు ఉండిపోతుంది" అన్నాడు.

"అది సరే డాక్టరు గారూ. ఆడొచ్చా, ఆడకూడదా? ఒక్క మాటలో చెప్పండి" అంది నా కూతురు.

"ఒక్క మాటలో తేలేదైతే ఎప్పుడో చెప్పేవాణ్ణమ్మా. చేతికి బలం రావాలి, దానికి వ్యాయామాలు చేయించండి. బలం వచ్చాక మెల్లగా మొదలుపెడితే ఆడగలదు. కానీ మళ్ళీ అక్కడే దెబ్బ తగిలితే, ఈసారి ఇంత బాగా అతుకుతుందని నేను మాట ఇవ్వలేను. ఆడమననూ, మానమననూ. అది మీరు ఇంట్లో తేల్చుకోవాలి."

"మా ఇంట్లో తేలితే మీ దగ్గరికెందుకొస్తాం?" అన్నాను నేను. ఆయన నవ్వాడు. నా కూతురు నవ్వలేదు.

డాక్టరు మిడత వైపు తిరిగాడు. "నీకేమనిపిస్తోందమ్మా?"

అది వెంటనే వాళ్ళమ్మ మొహంలోకి చూసింది. "అమ్మ ఎలా అంటే అలా" అంది.

బయట మా అల్లుడు వ్యాన్‌లో కూర్చుని ఉన్నాడు. మా కొట్టు సరుకు తేవడం, కుట్టినవి చేరవేయడం అతని పని. మనిషి మెత్తన, మాట ఇంకా మెత్తన. విషయమంతా విని, వాన నీళ్ళు తుడుస్తున్న వైపర్ వంక చూస్తూ, "దాని ఇష్టమే కదా ముఖ్యం" అని గొణిగాడు.

"దాని ఇష్టమా?" నా కూతురు ఒంటికాలి మీద లేచింది. "ఆ రోజు దాని చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని ఆస్పత్రి దాకా వచ్చింది నేనండీ. మీరు బండి నడుపుతున్నారు. మీకు రోడ్డు కనిపించింది. నాకు చెయ్యి కనిపించింది."

అతను బండి తీశాడు. వెనక సీట్లో మిడత నా భుజం మీద తలవాల్చి నిద్ర నటించింది. నటన అని నాకు తెలుసు, నిద్రపోయే పిల్ల అంత గట్టిగా కళ్ళు మూసుకోదు.

నా సంగతేమిటంటారా? నాకూ మానిపించాలనే ఉంది. నాకు కావల్సింది పిల్ల, దాని రెండు చేతులూ. పతకాలు గోడకి తగిలించుకుని నేనేం చేసుకుంటాను? అయితే ఆడటం మానిన మిడతని చూడటం కూడా నా వల్ల కాలేదు. నిండు బిందె నెత్తిన పెట్టుకున్నదానిలా నడిచేది. మెట్లు ఒక్కొక్కటే దిగేది. వాళ్ళమ్మ భయం ఇల్లంతా పాకింది. మా ఇంట్లో స్పాంజికి కరువా! బల్ల అంచులకీ, మంచం కోళ్ళకీ, చివరికి వంటగది గోడ మూలకి కూడా స్పాంజి చుట్టి పైన రెక్సిన్ కుట్టేసింది. ఇల్లంతా సోఫా అయిపోయింది. కొట్టు వెనకే ఇల్లు కాబట్టి, ఎక్కడ కొట్టు ఆగి ఎక్కడ ఇల్లు మొదలవుతుందో తెలియకుండా పోయింది.

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండించింది మిడత మాట. అమ్మ దగ్గర "మానేస్తాలే అమ్మా" అంటుంది. నాన్న దగ్గర "వెళ్ళమంటే వెళ్తా నాన్నా" అంటుంది. కోచ్ ఫోన్ చేస్తే "వస్తానండీ, తప్పకుండా వస్తా" అంటుంది. మూడూ నా చెవులారా విన్నాను.

"గోడ మీద పిల్లిలా ఏంటే ఆ మాటలు?" అని ఓ రోజు నిలదీశాను.

"ఏమో అమ్మమ్మా" అని జారుకుంది.

వానలు జోరందుకున్నాక ఓ పొద్దున కోచ్ మా కొట్టుకి వచ్చింది. పొట్టి జుట్టు, కాయలు కాసిన అరచేతులు, మాట సూటి. వెనక ఒక బండి, బండి నిండా తడిసిన మ్యాట్లు. ఆ సమయానికి నా కూతురు బజారుకి వెళ్ళింది. మిడత బడిలో ఉంది.

"పెద్దమ్మా, జిమ్ పైకప్పు కారి మ్యాట్లన్నీ తడిసిపోయాయి. కప్పు బాగుచేసేదాకా ఎలాగూ ప్రాక్టీసు లేదు. వీటికి పైన కవర్లు పాడైపోయాయి. కుట్టి ఇవ్వగలరా?" అంది.

పిల్లలు పై నుంచి పడే మ్యాట్లు అవి. ఒకటి మిగతావాటికి అమ్మలా ఉంది, మోకాలెత్తు, మా కత్తిరింపు బల్ల కంటే పొడవు. దాన్ని చూడగానే, మా మిడత అలాంటిదాని మీదే పడిందని తట్టింది.

"పిల్ల గురించి అడగడానికే కదా ఈ వంక?" అన్నాను.

"కాదు. పని మీదే వచ్చాను."

"సరే, నేనే అడుగుతున్నా. నువ్వేమంటావు? అది మళ్ళీ రావాలా, వద్దా?"

ఆమె తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంది. "నాకు అది రావాలని ఉంది పెద్దమ్మా. చాలా ఉంది. అందుకే నా మాట లెక్కలోకి తీసుకోకండి."

ఆ మాటతో ఆ అమ్మాయి నాకు నచ్చేసింది.

"మరి చెయ్యి వెనక్కి ఎందుకు పెట్టిందమ్మా? మీరు నేర్పరా?"

"మొదటి రోజు నుంచీ నేర్పేది అదే. పడేటప్పుడు చెయ్యి ఆనించొద్దని. దానికి తెలుసు. తెలిసినా ఒక్కోసారి ఒళ్ళు మన మాట వినదు."

పని ఒప్పుకున్నాను. కూతురు వచ్చాక ఏమవుతుందో తెలిసే ఒప్పుకున్నాను. అది వచ్చి, కొట్టు నిండా పరుచుకున్న మ్యాట్లని చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇవేంటి?"

"పని."

"ఎవరి పని?"

"కుట్టేవాళ్ళకి ఎవరి పనైతే ఏంటే?"

"అమ్మా!" అని అరిచింది. ఇవి ఇంట్లో ఉంటే పిల్ల మనసు కుదురుగా ఉంటుందా అంది. నేను తనకి తల్లినా శత్రువునా అంది. ఇప్పుడే బండి పిలిచి తిప్పి పంపేస్తానంది. అగ్గి మీద గుగ్గిలంలా కొట్టంతా తిరుగుతూ, పెద్ద మ్యాట్ దగ్గరకొచ్చి, కవర్ అంచు పట్టుకుని పైకి లాగింది. లాగి, కుట్టు చూసింది.

"ఛీ. ఇదేం కుట్టు? ఎవరు కుట్టారిది? దారం చూడు, గోనె సంచులు కుట్టేది. పక్కలంతా చూడు, చిరుగులు తప్ప గుడ్డ లేదు!"

నా కూతురి సంగతి నాకు తెలుసు. చెడ్డ కుట్టు కనపడితే దానికి తిండి సయించదు. కాసేపటికి ఫోన్ పక్కన పెట్టి, కొలతల టేపు అందుకుని, "ఆ అంచు పట్టుకో" అని నామీద కసిరింది. నేను పట్టుకున్నాను.

ఓ మధ్యాహ్నం నా కూతురు, అల్లుడు నీలం రెక్సిన్ కొనడానికి వెళ్ళారు. బడి సెలవు. పాత కవర్లన్నీ విప్పేశాం, పెద్ద స్పాంజి దిమ్మ కొట్టు మధ్యలో ఉంది. నేను మూలన మిషన్ వెనక కూర్చుని బాబిన్‌లకి దారం చుట్టుకుంటున్నాను. నేనక్కడ ఉన్నానని మర్చిపోయిందో ఏమో, మిడత కత్తిరింపు బల్ల ఎక్కింది. స్పాంజి వైపు వీపు పెట్టి నిలబడింది. రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని, తన భుజాలు తనే పట్టుకుని, గడ్డం లోపలికి లాక్కుంది. పడబోతోందని నాకు అర్థమై, అరుద్దామని నోరు తెరిచాను.

అది పడలేదు. మోకాళ్ళు వంచింది. మళ్ళీ నిటారుగా నిలబడింది. మళ్ళీ వంచింది. చివరికి బల్ల అంచున కూర్చుని, అచ్చం నాలాగే, ఒక కాలు తర్వాత ఒక కాలు నేల మీద పెట్టి దిగింది.

"ఏమే మిడతా, ఎగరలేదేం?" అన్నాను, నవ్వించడానికి.

నవ్వలేదు. వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. "భయమేస్తోంది అమ్మమ్మా."

"భయమైతే మానెయ్యి తల్లీ. నిన్ను ఎవరు తరుముతున్నారు?"

"మానెయ్యాలని లేదు."

"భయమంటావు, మానాలని లేదంటావు. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయే?"

"ఉన్నాయి" అంది, ముక్కు తుడుచుకుంటూ. "అమ్మకి చెప్పకు. భయమేస్తోందని చెప్తే అమ్మ ఇంక ఎప్పటికీ పంపదు. వెయ్యట్లేదని చెప్తే కోచ్ మేడమ్ రేపే రమ్మంటుంది. అందుకే ఎవరికి ఏది కావాలో అదే చెప్తున్నా."

నాకప్పుడు సిగ్గనిపించింది. గోడ మీద పిల్లి అన్నానే, దాన్ని గోడ ఎక్కించింది మేమందరం. తల నిమురుతూ కూర్చున్నాను. నా నోరు ఎంత పెద్దదో ఇంటిల్లిపాదికీ తెలుసు. అయినా ఆ మాట బయటపెట్టలేదు. కడుపుబ్బరం వచ్చినంత పనైంది.

పెద్ద మ్యాట్ అన్నిటికన్నా చివర్న తయారైంది. నా కూతురు దాని మీద తన పనితనమంతా చూపించింది. నీలం రెక్సిన్, రెండు వరసల కుట్టు, నాలుగు మూలలూ కత్తితో కోసినట్టు. ఎక్కడా ముడత లేదు, చిరుగు లేదు, సూది దూరే సందు లేదు. వ్యాన్‌లోకి ఎక్కించడానికి అల్లుడు చేతులు పైకి మడుచుకుని వచ్చాడు.

"ఆగండి" అని నా కూతురు కట్టుబాటు ప్రకారం వెళ్ళి మ్యాట్ మీద కూర్చుంది. అటూ ఇటూ కదిలింది. అరచేత్తో చరిచింది. "బిగువు చూశారా? పదేళ్ళు ఉంటుంది" అంది గర్వంగా.

మిడత పక్కన నిలబడి, వేళ్ళతో మ్యాట్ పక్కభాగం తడిమింది. మొహం చిట్లించింది. "అమ్మా, వల ఏది?"

"ఏ వల?"

"పక్కలంతా వల గుడ్డ ఉండేది కదా."

"అవి చిరుగులే. అన్నీ మూసేశాను."

"చిరుగులు కాదమ్మా. వలే, చిరిగి అలా అయింది. మనం పడగానే లోపలి గాలి అందులోంచి పోతుంది. అప్పుడే మ్యాట్ మనల్ని లోపలికి తీసుకుంటుంది. ఇలా మూసేస్తే తిప్పి కొడుతుంది."

నా కూతురి మొహం ఎర్రబడింది. ఇన్నేళ్ళలో దాని కుట్టుకి వంక పెట్టినవాళ్ళు లేరు. "నేను కూర్చుని చూశానుగా. బాగానే ఉంది."

"ఇది కూర్చోవడానికి కాదుగా" అంది మిడత. "పడటానికి."

మా అల్లుడు ఉండబట్టలేక, "అయితే మన కట్టుబాటు ప్రకారం ముందు మనమే..." అనబోయి, భార్య చూసిన చూపుకి నాలిక కరుచుకుని, వ్యాన్ టైర్లలో గాలి చూసొస్తానని బయటికి పోయాడు.

నా కూతురు మ్యాట్ వంక చూసింది. బల్ల వంక చూసింది. పిల్ల చేతి వంక చూసింది. నేను దారపుకండె చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"ఎలా పడాలి?" అని అడిగింది.

మిడత కళ్ళు పెద్దవయ్యాయి. "బల్ల వద్దు. ముందు పీట మీంచి" అంది. నేను కూర్చునే పొట్టి పీట లాక్కొచ్చి వేసింది. "ఎక్కు. మ్యాట్ వైపు వీపు పెట్టు. గడ్డం గుండెకి ఆనించు. చేతులు కట్టుకుని నీ భుజాలు నువ్వే పట్టుకో. గట్టిగా. వెనక్కి చూడకు. కుర్చీలో కూర్చున్నట్టు వెళ్ళి, వీపు మీదికి దొర్లాలి. అంతే."

"అంతేనా?"

"చేతులు మాత్రం వదలకు."

నా కూతురు పీటెక్కింది. జంకింది. గట్టిగా ఊపిరి పీల్చి, కళ్ళు మూసుకుని వెనక్కి వాలింది.

"చేతులు!" అని మిడత కేక పెట్టింది. ఆ పిల్ల గొంతులో అంత కేక నేనెప్పుడూ వినలేదు.

మ్యాట్ నిజంగానే తిప్పి కొట్టింది. నా కూతురు బంతిలా లేచి, పక్కకి దొర్లి, కిందనున్న స్పాంజి ముక్కల గుట్టలో పడింది. దెబ్బేమీ తగల్లేదు. నేను లేచేలోపే లేచి కూర్చుంది. జుట్టు నిండా స్పాంజి పొట్టు. కానీ అది జుట్టు చూసుకోలేదు. తన రెండు అరచేతులూ ముందుకి చాపి వాటినే చూస్తోంది. పడేటప్పుడు ఆ రెండూ వెనక్కి వెళ్ళి మ్యాట్ మీద ఆనాయి, నేనూ చూశాను.

"నేను పెట్టలేదు" అంది మెల్లగా. "అవే వెళ్ళాయి."

"నాదీ అంతేనమ్మా" అంది మిడత. "అదే వెళ్ళింది."

నా కూతురు చాలాసేపు అలా అరచేతులు చూసుకుంటూ కూర్చుంది. తర్వాత లేచి, బ్లేడు అందుకుని, తను కుట్టిన ఆ చక్కటి కుట్టుని ఒక పక్క నుంచి విప్పడం మొదలుపెట్టింది. గుమ్మంలోకి తొంగి చూసిన మొగుడితో, "బజారుకెళ్ళి వల గుడ్డ తీసుకురండి. మందంది" అంది. అతను గొడుగు కూడా మర్చిపోయి పరిగెత్తాడు.

సాయంత్రానికి నాలుగు పక్కలా వల వచ్చింది. నా కూతురు మళ్ళీ పీటెక్కింది. ఈసారి మ్యాట్ నిట్టూర్చినట్టు చప్పుడు చేసి దాన్ని లోపలికి తీసుకుంది. చేతులు మాత్రం మళ్ళీ వెనక్కే వెళ్ళాయి. ఇంకోసారి పడింది. ఒక చెయ్యి ఆగింది, ఒకటి వెళ్ళింది.

"అబ్బా, అలా కాదమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి? ఇలా!" మిడతకి విసుగొచ్చింది. వాళ్ళమ్మని పక్కకి జరిపి, పీటెక్కి, చేతులు కట్టుకుని, వెనక్కి పడింది.

మ్యాట్ హుష్షుమంది. పిల్ల వెల్లకిలా, చేతులు గుండెల మీద, పైకప్పు వంక చూస్తూ ఉండిపోయింది. తను పడిందన్న సంగతి దానికి అప్పుడే తెలిసినట్టుంది.

నా కూతురు వెళ్ళి మ్యాట్ అంచున కూర్చుంది. "భయమెయ్యలేదా?"

మిడత నా వైపు చూసింది. నేను చెప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. అది మళ్ళీ పైకప్పు వంక తిరిగింది. "వేసింది. చాలా వేస్తోందమ్మా. రోజూ వేస్తోంది. అయినా నాకు వెళ్ళాలని ఉంది."

ఆ మాట అది ఎవరి మొహమూ చూడకుండా అంది. ఎండాకాలం నుంచీ వాళ్ళమ్మ ముందు దాని నోట్లోంచి వచ్చిన మొదటి సొంత మాట అదేనని నాకనిపించింది.

"నాకూ చాలా భయంగా ఉంది" అంది నా కూతురు. "నీకు లేదని చెప్పుంటే పంపేదాన్ని కాదు." పిల్లని చేత్తో పక్కకి నెట్టింది. "జరుగు. ఇంకోసారి పడతాను. చేతులు చూస్తూ ఉండు."

ఆ సాయంత్రం వాళ్ళు వెలుగు తగ్గేదాకా పడుతూనే ఉన్నారు. మా అల్లుడు కూడా పడ్డాడు, అతను పడితే కొట్టు అద్దాలు గలగల్లాడాయి. నవ్వీ నవ్వీ నా డొక్కలు పట్టేశాయి. చివర్న అందరూ నా వంక చూశారు. నేను హుందాగా వెళ్ళి, మ్యాట్ మీద కూర్చుని, అటూ ఇటూ కదిలి, "బాగుంది, పంపండి" అన్నాను. నా వయసుకి అది చాలు.

మ్యాట్లు దింపడానికి మర్నాడు నా కూతురు తనే వ్యాన్‌లో వెళ్ళింది. కోచ్‌తో మాట్లాడింది. చేతికి బలం వచ్చిందని డాక్టరు చెప్పాకే వస్తుందంది. వచ్చినా మొదట ఎత్తు బార్ ముట్టకూడదని, ముందు పడటమే మళ్ళీ నేర్పాలని అంది. "నేనూ అదే అడగాలనుకుంటున్నా" అందట కోచ్. ఇంటికొచ్చాక పిల్లకి ఒక్కటే చెప్పింది. "ఏ రోజు వద్దనిపిస్తే ఆ రోజు వద్దని చెప్పాలి. పోటీ ముందు రోజైనా సరే, మధ్యలోనైనా సరే. నా మొహం చూసి మాత్రం చెప్పకు." మిడత తలూపింది. బల్ల అంచులకి చుట్టిన స్పాంజి మరుసటి రోజు నేనే విప్పేశాను. వంటగది మూలది మాత్రం ఉంచుకున్నాను, నా మోకాలికి బాగుంది.

రోజూ పొద్దున్నే మిడత రబ్బరు పట్టీ తలుపు గడియకి కట్టి లాగేది. చెయ్యి నొప్పి పుడితే నొప్పి అనేది. విసుగొస్తే నా మీద అరిచేది. మెట్లు మళ్ళీ రెండేసి దిగడం మొదలుపెట్టింది. వాళ్ళమ్మ ప్రతిసారీ కళ్ళు మూసుకునేది గానీ, ఏమీ అనేది కాదు.

వానలు వెనకపట్టాక డాక్టరు సరేనన్నాడు. మొదటి రోజు నేనూ నా కూతురూ వెంట వెళ్ళాం. జిమ్‌లో తల్లిదండ్రులు అద్దం ఇవతలే కూర్చోవాలి, లోపలికి రాకూడదు. కప్పు కొత్తది, మా నీలం మ్యాట్లు వరసగా ఉన్నాయి. మిడతని పాలపళ్ళు ఊడని చిన్నపిల్లలతో కలిపి పొట్టి బార్ దగ్గర నిలబెట్టారు. వాళ్ళ మధ్య అది తాటిచెట్టంత ఉంది. వాళ్ళు దాని మోచేతి మీది మచ్చని వేలితో ముట్టుకుని చూస్తున్నారు. అది వంగి చూపిస్తోంది.

దాని వంతు వచ్చింది. కోచ్ ఏదో చెప్పింది, మాకు వినపడలేదు. అది బార్ పట్టుకుంది. ఎడమ చెయ్యి కాస్త వంకరగానే ఉంది. ఒకసారి ఊగింది. రెండోసారి ఊగింది. మా వైపు చూస్తుందనుకున్నాను, చూడలేదు. చేతులు వదిలేసింది.

అది గాల్లో ఉండగానే పక్కకి తిరిగి నా కూతురి వంక చూశాను. ప్లాస్టిక్ కుర్చీలో, గడ్డం గుండెకి ఆనించి, రెండు చేతులూ కట్టుకుని, తన భుజాలు తనే గట్టిగా పట్టుకుని కూర్చుంది. అద్దం అవతల మ్యాట్ మెత్తగా దిగి మళ్ళీ పైకి లేచింది. నా కూతురు చేతులు విప్పలేదు.

"పడింది" అన్నాను.

"చూశాను" అంది. కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు. "బాగా పడిందమ్మా."